గృహములపై సూర్యవిద్యుత్తు: మన మెఱుంగవలసిన నిబంధనలు



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు సవిస్తరముగా ప్రసంగించియున్నారు. మాకు నియమింపబడిన విషయము ఇంటిమిద్దెపై సూర్యఫలకముల నమర్చుకొనుటకు గల నిబంధనలు. ఇది చిన్న విషయమువలె దోచినను, గృహస్థుని ధనమును, అన్నదమ్ముల పొత్తును గూడ దీనియందు ఇమిడియున్నవి.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును కోటి గృహముల నుద్దేశించి ప్రారంభించిరి. దాని ననుసరించి మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కింటికి 30,000 రూపాయలును, మూడవదానికి 18,000 రూపాయలును సహాయధనముగా నిర్ణయింపబడినవి. ఎంత పెద్దది కట్టుకొన్నను ఆ సహాయము 78,000 రూపాయలను మించదు. కిలోవాటు ఒక్కింటికి నీడ పడని చోటు సుమారు 100 చదరపుటడుగులు వలయును. దానివలన దినమునకు సగటున నాలుగు యూనిట్లు లభించును.

మొదటి నిబంధన పేరును గూర్చినది. దరఖాస్తు కరెంటుబిల్లుపై నున్న పేరుననే చేయవలయును. మన కుటుంబములలో తాతగారు గతించి ఏండ్లు గడచినను మీటరు వారి పేరనే యుండుట సామాన్యము. భాగపరిష్కారము నోటిమాటతో నిలిచిపోయిన యిండ్లలో, పేరు మార్పించుకొనువఱకు ఈ సహాయము అందదు. కావున ఫలకముల బేరమునకు ముందు ఇంటికాగితములను చక్కబెట్టుకొనుడు.

రెండవది మిద్దెపై హక్కు. పెక్కుకాపురములుండు అపార్టుమెంటులలో మిద్దె అందఱిది. ఒకరు తమ యిష్టానుసారముగా ఆక్రమించుకొనుట వ్యాజ్యమునకు దారితీయును. అట్టిచోట్ల నివాసుల సంఘము లిఫ్టునకును, నీటిమోటారునకును, ఉమ్మడి దీపములకును కలసి అమర్చుకొనవచ్చును. దీనికి కిలోవాటునకు 18,000 రూపాయల వంతున సహాయము ఈ పథకమునందే ఏర్పాటు చేయబడినది.

మూడవది గడువులు. విద్యుద్వినియోగదారుల హక్కుల నియమములు 2024 ఫిబ్రవరిలో సవరింపబడినవి. ఆ సవరణ ననుసరించి, సక్రమముగా నున్న దరఖాస్తు 10 కిలోవాట్లవఱకు సాంకేతిక పరిశీలన లేకయే అంగీకరింపబడినట్లు భావింపబడును. 5 కిలోవాట్లవఱకు పంపిణీతీగెలను బలపఱచు వ్యయము కంపెనీదే. ఫలకముల నమర్చినట్లు తెలిపిన పిమ్మట 15 దినములలో మీటరు బిగించి నడిపింపవలయును. ఈ గడువుల నెఱిగినవాడు కార్యాలయమున బ్రతిమాల నక్కఱలేదు. తన హక్కును మర్యాదగా అడుగవచ్చును.

నాల్గవది ధనము. సహాయధనము పని ముగిసి, మీటరు నడచిన పిమ్మట, గృహస్థుని బ్యాంకుఖాతాకే నేరుగా చేరును. కావున మంజూరు చేయించెదమని ముందుగా సొమ్మడుగు దళారులను నమ్మకుడు. నమోదుచేసికొన్న వర్తకునిచేతనే, దేశమున తయారైన ఫలకములనే పెట్టించుకొనుడు. ఐదేండ్ల మరమ్మతు బాధ్యతను వ్రాతమూలకముగా తీసికొనుడు.

ఒక భ్రమ తొలగవలయును. బ్యాటరీ లేని సాధారణపు అమరికలో, వీధిలో కరెంటు పోయినపుడు పట్టపగలైనను మీ యిల్లు వెలుగదు. తీగెలపై పనిచేయువారి ప్రాణరక్షణకై ఆ యేర్పాటు చేయబడినది.

ధనవంతులు ఈ సౌకర్యమును ఎవరి సాయము లేకయే పొందగలరు. వితంతువులును, వృద్ధులును, చదువురానివారును మాత్రము ఫారములముందే ఆగిపోవుదురు. ప్రతి శాఖాసంఘమును ఇద్దఱు విద్యావంతులగు యువకులను నియమించి, పేరుమార్పునకును దరఖాస్తునకును ఉచితముగా తోడ్పడునట్లు ఈ సభ తీర్మానింప వలయునని మేము ప్రార్థించుచున్నాము. సూర్యుడు ఎల్లరి మిద్దెలపైనను సమానముగనే ప్రకాశించుచున్నాడు. ఆ ఫలము ఎల్లరికి చేరునట్లు చూచుట మన విధి.