అడవి మనది, లెక్క ఎవరిది?

(తిరుపతిలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,



సీమలో సభ పెడితే నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. 1937లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు మన పెద్దలు తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకు ముందు వాటా అడిగారు. ఆ వాటా ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు. లెక్క చేతిలో లేనివాడు వాటా అడగలేడన్నది ఆ నీళ్లే మనకు నేర్పిన పాఠం. ఈ రోజు ఇంకో లెక్క గురించి మాట్లాడతాను. అది కార్బన్ లెక్క. మన శేషాచలం కొండలు, మన చిత్తూరు మామిడి తోటలు, మన గొర్రెలు మేసే గుట్టలు ఇప్పటికే ఆ లెక్కలోకి ఎక్కేశాయి. మనమే ఇంకా ఆ పుస్తకం తెరిచి చూడలేదు.

ఈ లెక్క ఏమిటి?

సైన్సు చదివిన తమ్ముళ్లకు తెలిసిన విషయమే, అందరి కోసం చెబుతాను. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కట్టెగా, ఆకుగా, వేరుగా మార్చుకుంటుంది. బాగా ఆరిన టన్ను కట్టెలో సుమారు అర టన్ను కార్బన్ ఉంటుంది. ఆ కట్టె కాలితే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాలిలో కలుస్తుంది. కాబట్టి అడవి పెరిగితే అది జమ, అడవి పోతే అది ఖర్చు. అడవిని నరికి సేద్యం చేసినా, చెరువు పూడ్చి ప్లాట్లు వేసినా, గుట్టను తవ్వి గ్రానైట్ తీసినా ఈ ఖాతాలో రాయాల్సిందే. ప్రపంచంలో మనుషుల వల్ల విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్‌లో ఇంచుమించు పదో వంతు ఇలా భూమి వాడకం మారడం వల్లే వస్తోంది. మిగతాది బొగ్గు, పెట్రోలు, గ్యాసు, సిమెంటు.

మన దేశం ఈ లెక్కను ఐక్యరాజ్యసమితికి ఇస్తుంది. 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో మన అడవులు, చెట్లు, ఇతర భూములు కలిసి సుమారు 52 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్నాయి. ఆ ఏడు దేశం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో అది 22 శాతానికి సమానం. అంటే బొగ్గు కాల్చి వదిలిన పొగలో కొంత భారం మన కొండలు మోస్తున్నాయి. పారిస్ ఒప్పందం కింద అడవుల ద్వారా 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నులు నిల్వ చేస్తామని దేశం మాట ఇచ్చింది. 2005ను మొదలుగా పెట్టుకుంటే 229 కోట్ల టన్నులు ఇప్పటికే చేశామని 2023 అటవీ నివేదిక చెబుతోంది. మాట ఢిల్లీ ఇచ్చింది. ఆ మాట నిలబెట్టే చెట్టు మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

మామిడి తోట అడవేనా?

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో అటవీ విస్తీర్ణం అంటే ఏమిటి? కనీసం ఒక హెక్టారు భూమి, దాని మీద కనీసం పది శాతం చెట్ల పందిరి. ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్టు ఏదైనా సరే. శేషాచలంలో తరాల నాటి ఎర్రచందనం, జాలారి అడవీ అడవే, దామలచెరువు మామిడి తోటా అడవే, జామాయిల్ తోటా అడవే.

2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌లో అటవీ విస్తీర్ణం 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్నారు. దేశంలో అదే మొదటి స్థానం. పాలకులు గొప్పగా చెప్పుకున్నారు. తర్వాత వచ్చిన 2023 నివేదికలో అదే రాష్ట్రంలో 138 చదరపు కిలోమీటర్లకు పైగా తగ్గిందని రాశారు. రెండేళ్లలో పెరిగేది, మరో రెండేళ్లలో తగ్గేది ఏ అడవి? కొండ మీది ఎర్రచందనం అట్లా పెరగదు. చేవ పట్టడానికి దానికి దశాబ్దాలు కావాలి. గబగబా పెరిగి గబగబా పోయేది తోట. రికార్డు అటవీ భూమి లోపల ఎంత, బయట ఎంత అని రాష్ట్రం మొత్తానికి విడదీసి చూపిస్తున్నారు, అది మంచిదే. మా మండలంలో ఏది అడవి, ఏది తోట, ఏది పెరిగింది, ఏది పోయింది అని అడిగితే జవాబు కావాలి గదా?

మామిడి రైతును తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. వేరుశనగ వేసి వేసి, వాన రాక, అప్పు తీరక, చిత్తూరు రైతు మామిడి వైపు తిరిగాడు. వెయ్యి అడుగులు బోరు వేసి, ఎండాకాలం ట్యాంకరుతో నీళ్లు తెచ్చి మొక్కను బతికించుకున్నాడు. ఏటా దున్నే చేను చెట్ల తోటగా మారడం కార్బన్ లెక్కలో జమే. ఆ జమ ఎవరి కష్టం? రైతుది. ఆ చెట్టు నిలబడాలంటే ఏం కావాలి? ధర కావాలి. 2025 సీజనులో తోతాపురి ధర కుప్పకూలింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలన్నారు, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇవ్వాలి అన్నారు. కోత కూలి, బాడుగ పోగా ఏం మిగిలిందో రైతులు మీ ఎదుటే ఉన్నారు, అడగండి. గిట్టుబాటు కాకపోతే చెట్టు సామిల్లుకో, ఇటుక బట్టీకో పోతుంది. ఇరవై ఏళ్లుగా దాచిన కార్బన్ పొగై పోతుంది. కాబట్టి మామిడి మద్దతు ధర కూడా వాతావరణ సమస్యే. ఈ మాట వ్యవసాయ శాఖకూ చెప్పాలి, అటవీ శాఖకూ చెప్పాలి.

శేషాచలంలో ఏం జరుగుతోంది?

ఇక కొండల దగ్గరికి వద్దాం. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు వచ్చింది. 2010లో చిత్తూరు, కడప జిల్లాల్లో విస్తరించిన సుమారు 4,756 చదరపు కిలోమీటర్లను శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కాగితం మీద ఇంత రక్షణ ఉంది. కొండ మీద గొడ్డలి మాత్రం ఆగలేదు.

దుంగను ఎలా తీస్తారో చూడండి. మానును పడేస్తారు. తొక్క, తెల్ల చెక్క చెక్కేసి ఎర్రటి చేవను మాత్రమే మోసుకుపోతారు. ఆ చేవ విదేశంలో కుర్చీగానో, బొమ్మగానో మారితే అందులోని కార్బన్ కొంతకాలం అక్కడ భద్రంగా ఉంటుంది. కొమ్మలు, ఆకులు, చెక్కుడు పేళ్లు, వేర్లు మన కొండ మీదే కుళ్లుతాయి, లేదా ఎండి అగ్గికి ఆహుతవుతాయి. సొమ్ము వాళ్లకు, పొగ మనకు. ఆ గొడ్డలి పట్టింది ఎవరు? జవ్వాదు కొండల నుంచి, తిరువణ్ణామలై వైపు నుంచి రోజు కూలికి వచ్చిన పేదలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అడవిని కాపాడే పద్ధతి అదేనా అని ఆనాడే దేశం అడిగింది. ఓడకెక్కించి కోట్లు గడించినవాళ్ల లెక్క ఎప్పుడు తేలుస్తారని మనం అడగాలి.

రెండోది అగ్గి. 2014 మార్చిలో తిరుమల చుట్టూ కొండలు రోజుల తరబడి మండితే హెలికాప్టర్లు దించాల్సి వచ్చింది. 2022-23 వేసవి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 5,286 చదరపు కిలోమీటర్ల అడవి కాలిందని, దేశంలో అదే అత్యధికమని 2023 నివేదికే చెప్పింది. బోదగడ్డి, రాలిన ఆకు కాలితే మళ్లీ వానలకు మొలుస్తుంది, ఆ కార్బన్ తిరిగి వస్తుంది, నిజమే. ఏటా అగ్గి పడితే మాత్రం లేత మొలకలు చస్తాయి. పెద్ద మాను దొంగల పాలు, మొలక అగ్గి పాలు అయితే ముప్పై ఏళ్ల తర్వాత ఆ కొండ మీద ఏం ఉంటుంది? ఉపగ్రహం ఫొటోలో పచ్చగా కనబడే పొదలు ఉంటాయి. వేసవి నాలుగు నెలలూ అగ్గి చూసుకునే కాపలాదారులను అవసరానికి పిలిచి, వాన పడగానే పంపేస్తే ఈ అగ్గి ఆగదు. ఉద్యోగ సంఘాల మిత్రులు దీన్ని తమ సమస్యగా తీసుకోవాలి.

పనికిరాని భూమి ఎవరికి?

మూడోది మనం అసలు లెక్కలోకి తీసుకోనిది, నేల. మన దేశపు అడవుల్లో నిల్వ ఉన్న కార్బన్‌లో సుమారు 55 శాతం చెట్టులో లేదు, నేలలో ఉంది. జేసీబీ గుట్ట ఎక్కితే, కుప్పం వైపు రాతి కోసం పైమట్టి తోసేస్తే ఆ నిల్వ చెదిరిపోతుంది. చెట్టు నరికితే కనబడుతుంది, నేల పోతే కనబడదు.

ఇప్పుడు కొత్త బేరం మొదలైంది. 2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం తెచ్చింది. అదే ఏడు అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నియమాలు తెచ్చింది. క్షీణించిన అడవి, పొదల భూమి, బంజరు చూపించి అక్కడ చెట్లు పెంచితే క్రెడిట్లు ఇస్తారు. 2024లో ఇచ్చిన పద్ధతిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలన్నారు. విమర్శలు వచ్చాక 2025లో మార్చి, ఐదేళ్ల తర్వాత 40 శాతం పందిరి ఉండాలన్నారు. మన సీమ గుట్ట మీద రేగి, బలుసు, కలివి, తంగేడు ఉంటాయి. ఫైలు రాసేవాడికి అది పనికిరాని భూమి. గొర్రెల కాపరికి అది మేత. యానాదులకు అది తేనె, గడ్డ, మూలిక. తక్కువ వానకు తగ్గట్టు బతికే ఆ పొదల కింద నేల తన పని తాను చేస్తూనే ఉంది. దాన్ని తవ్వి గుంతలు తీసి, నీళ్లు లేని చోట ఏదో ఒక చెట్టు కిక్కిరిసి నాటితే జమ ముందు కాగితం మీదే వస్తుంది. తిరుమల కొండ మీద ఒకప్పుడు పెంచిన ఆస్ట్రేలియా తుమ్మను తీసి దేశీ చెట్లు పెంచాలని టీటీడీయే నిర్ణయించుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవం మన కళ్ల ముందే ఉంది.

మరి చేతకాదా అంటే, చేతనవుతుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టూ ఉన్న గుట్టలు చూడండి. దశాబ్దాల పాటు మేపును అదుపులో పెట్టి, వాన నీటిని ఆపి, విత్తనం చల్లి కాపాడుకుంటే బోడి గుట్టలు పచ్చబడ్డాయి, పక్షులు తిరిగి వచ్చాయి. ఊరిని వెళ్లగొట్టి తెచ్చిన పచ్చదనం కాదది, ఓపికతో తెచ్చుకున్నది. కరువు సీమలో అడవి పెరగదన్న మాటకు అదే జవాబు.

మనం ఏం అడగాలి?

ఒకటి. అడవి వేరు, తోట వేరు, పొద వేరుగా మండలాల వారీ లెక్క తెలుగులో ప్రకటించాలి. కార్బన్ నిల్వ లెక్క రాష్ట్రం దగ్గర ఆగిపోకూడదు.

రెండు. ఊరి ఉమ్మడి భూమి మీద ఏ క్రెడిట్ ఒప్పందమైనా గ్రామసభ ముందు చదివి, ఒప్పుకుంటేనే జరగాలి. 2006 అటవీ హక్కుల చట్టం మేపు హక్కును, సామూహిక అటవీ వనరు హక్కును గుర్తించింది. ఆ హక్కు పత్రాలు ముందు, క్రెడిట్లు తర్వాత.

మూడు. రాబడిలో వాటా చట్టప్రకారం రావాలి. ఇది కోరరాని కోరిక కాదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద 2025లో 198 మంది ఎర్రచందనం రైతులకు సుమారు 3 కోట్ల రూపాయలు విడుదల చేశారు. తోటలో పెంచిన ఎర్రచందనానికి వాటా వచ్చినప్పుడు, కొండను కాచిన ఊరికి, మామిడిని కాచిన రైతుకు ఎందుకు రాకూడదు?

నాలుగు. తోట యజమానులు ఒక మాట వినండి. ఏదో కంపెనీ మనిషి వచ్చి, నీ చెట్ల కార్బన్ మాకు రాసివ్వు, డబ్బిస్తాం అంటే వెంటనే సంతకం పెట్టొద్దు. ఎన్నేళ్లకు? చెట్టు ఎండితే బాధ్యత ఎవరిది? ధర పడితే తోట తీసేసుకునే హక్కు ఉంటుందా? ఎన్ని టన్నులకు ఎంత? ఈ నాలుగు ప్రశ్నలకు తెలుగులో రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కలం తీయండి.

విద్యార్థి మిత్రులారా, ఎస్వీ యూనివర్సిటీలో వృక్షశాస్త్రం, భూగోళం చదివే మీరు సెలవుల్లో మీ ఊరి గుట్ట ఎక్కండి. ఎన్ని మానులు ఉన్నాయి, ఎన్ని మొద్దులు మిగిలాయి, ఎంత కాలింది, రాసుకోండి. టేపు, పుస్తకం చాలు. ఉద్యోగ మిత్రులారా, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఎలా పెట్టాలో ఊరివాళ్లకు నేర్పండి. నీళ్ల లెక్క మన చేతికి వచ్చేసరికి మూడు తరాలు గడిచాయి. ఈ లెక్క ఇప్పుడే రాస్తున్నారు. రాసే చోట మనం కూడా కూర్చోవాలి.