జిద్దా ఖర్చు, ఇంటి లెక్క
(ప్రవాసి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





జిద్దా పేరు వినని ఇల్లు మనలో లేదు. ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న ఆ రేవు నగరానికి హైదరాబాదు పాతబస్తీ నుండి, మన జిల్లాల నుండి తరతరాలుగా మనవారు వెళ్తూనే ఉన్నారు. హజ్ యాత్రికులకు అది మక్కా ముఖద్వారం; మన వందలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఊరు. హరమ్ సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నదన్న తృప్తితో అక్కడి ఉక్కపోతనూ, ఒంటరితనాన్నీ భరించాము. ఆ కృతజ్ఞతను మరువకుండానే ఈ రోజు మీ ముందు ఒక లెక్క పెట్టదలచాము.

ఆ నగరంలో బ్రతకడానికి ఎంత ఖర్చవుతుందో ఇక్కడి ఇళ్లకు తెలియదు. ఆ తప్పు మాది. సెలవుకు వచ్చిన ప్రతిసారీ పెట్టెలు నింపుకొని వచ్చామే గాని, అవి ఏ అప్పుతో నిండాయో చెప్పలేదు. చెబితే పరువు పోతుందనుకున్నాము.

2017 జులై వరకు పరిస్థితి వేరు. చిన్న జీతగాడు కూడా భార్యాబిడ్డలను దగ్గర ఉంచుకోగలిగేవాడు. ఆ నెలలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగులపై ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికీ నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. 2018లో అది 200, 2019లో 300, 2020లో 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న మనిషి నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు కట్టాలి. పొత్తిళ్లలోని పసిబిడ్డకూ మినహాయింపు లేదు. 4,000 రియాళ్ల జీతగానికి నూటికి నలభై వంతులు ఇంటద్దె కంటే ముందే పోతాయన్నమాట.

దీనికి తోడు 2018 జనవరిలో 5 శాతంగా మొదలైన వ్యాట్, 2020 జులైలో 15 శాతమైంది. బియ్యం, పాలు, నూనె, ఫోను బిల్లు వేటికీ మినహాయింపు లేదు. ప్రైవేటు వైద్యం, చదువులపై పౌరుల తరఫున ఆ పన్నును ప్రభుత్వమే భరిస్తుంది. ప్రవాసి మాత్రం తానే కట్టుకోవాలి. 2017 చివరి దాకా లీటరు 75 హలాలాలు ఉన్న పెట్రోలు 2021 నాటికి 2 రియాళ్లు దాటింది. సముద్రపు గాలిలోని చెమ్మ వల్ల జిద్దాలో వేసవి రాత్రి కూడా ఏసీ ఆపలేము. కరెంటు బిల్లు అక్కడ విలాసపు ఖర్చు కానేకాదు.

ఇక అద్దె. ఆరు నెలలదో, ఏడాదిదో ఒక్కసారిగా ముందే కట్టడం అక్కడి ఆనవాయితీ. 2021 చివరలో నగరంలోని పాత పేటల కూల్చివేత మొదలైంది. ఘులైల్, పెట్రోమిన్, కరన్తీనా వంటి చోట్ల బీదవారికి, చిరుద్యోగులకు దొరికే చౌక గదులు నేలమట్టమయ్యాయి. ఆ జనమంతా మిగిలిన పేటల మీద పడేసరికి అక్కడ అద్దెలు పెరిగాయి. నలుగురు ఉండే గదిలో ఆరుగురు, ఎనిమిది మంది సర్దుకున్నారు. మాలో కొందరం ఆ గదుల్లోనే ఉండి, ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మాత్రం మెట్ల దగ్గరకు వచ్చి మాట్లాడేవాళ్లం. వెనుక ఉన్న మంచాలు మీకు కనపడకూడదని.

మరి ఇక్కడికి డబ్బు తగ్గినట్లు మీకెందుకు తెలియలేదు? దానికీ కారణముంది. రియాలు విలువ డాలరుతో ముడిపడి ఉంది, 3.75 రియాళ్లకు ఒక డాలరు. రూపాయి పడిపోయినప్పుడల్లా రియాలుకు వచ్చే రూపాయలు పెరుగుతాయి. 2017లో రియాలుకు సుమారు 17 రూపాయలు వచ్చేవి. 2024లో 22 దాటాయి. మేము వెయ్యి రియాళ్లు పంపితే అప్పుడు 17 వేలు చేతికందేవి, తరువాత 22 వేలు. మీకు అబ్బాయి సంపాదన పెరిగినట్లు తోచింది. అతడు మాత్రం అదే వెయ్యి పంపడానికి ఒక పూట భోజనం తగ్గించుకున్నాడు. పెరిగిందనుకున్న ఆ అయిదు వేలను చూసే మనం పెళ్లికి పెద్ద ఫంక్షన్‌హాలు మాట్లాడాము, జోడే కీ రఖమ్ పెంచాము, ఇంటిపై మరో అంతస్తు వేశాము.

ఈ భారంలో అధిక భాగం మోసినవారు మన ఇళ్ల స్త్రీలే. రుసుములు కట్టలేక భర్తలు భార్యాబిడ్డలను ఎగ్జిట్ మీద ఇండియాకు పంపివేశారు. పదిహేనేళ్లు జిద్దాలో సొంత సంసారం నడిపిన తల్లి, అత్తవారింటి ఒక గదిలో పిల్లలతో సర్దుకోవలసి వచ్చింది. తెలంగాణలో 2018-19 నుండి బడులలో తెలుగు తప్పనిసరి సబ్జెక్టు అయింది; అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు పెద్ద తరగతిలో చేరి ఓనమాలు దిద్దుకున్నారు. "అబ్బా ఎప్పుడొస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆ తల్లే.

సోదరులారా, ఏ దేశమైనా తన ఆదాయ మార్గాలను తాను నిర్ణయించుకుంటుంది. దానిని మనం మార్చలేము. అయితే మనకు సంక్రమించిన హక్కును వదులుకోవడం వేరు విషయం. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం కార్మికుణ్ణి రప్పించే ఖర్చు, ఇఖామా, వర్క్ పర్మిట్ రుసుములు, వాటి పునరుద్ధరణ, ఆలస్యపు జరిమానాలు, ఉద్యోగం ముగిశాక తిరుగు టికెట్టు యజమానే భరించాలి. 84వ అధికరణం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల చొప్పున, ఆ పైన ఏడాదికి ఒక నెల చొప్పున సేవాంత పారితోషికం ఇవ్వాలి. ఈ రెండు అధికరణాలూ మాలో అనేకులకు తెలియవు. ఒక సంస్థలో మా జీతాల నుండి రెండేళ్లపాటు ఇఖామా, పర్మిట్ సొమ్ము కోసుకున్నారు. అది చట్టమే కాబోలని నోరు మూసుకున్నాము. తిరిగివచ్చిన తరువాతగాని అది మా సొమ్మని తెలియలేదు.

'ఆజాద్ వీసా' మీద వెళ్లినవారి స్థితి మరీ కష్టం. కాగితం మీద యజమాని ఒకరు, పని మరొక చోట. విదేశీయులు అధికంగా ఉన్న సంస్థ ఒక్కొక్క కార్మికునిపై కట్టవలసిన రుసుము 2020 నుండి నెలకు 800 రియాళ్లు. ఆ 9,600నూ, ఇఖామా ఖర్చునూ, కఫీలు అడిగినంతా ఆజాద్ వీసా మనిషే కట్టుకుంటాడు. చట్టం ముందు నిలబడి అడిగే అవకాశం కూడా అతనికి ఉండదు. అది స్వేచ్ఛ పేరుతో కొనుక్కున్న బందీతనం.

కనుక మీతో నాలుగు మాటల మనవి.

మొదటిది: ప్రయాణానికి ముందు కుటుంబమంతా కూర్చొని లెక్క వ్రాయాలి. జీతమెంత, గది ఎవరిది, భోజనమెవరిది, మిగిలేదెంత అన్నది తల్లికీ, భార్యకూ తెలియాలి. అప్పు చేస్తే వ్రాసి పెట్టుకోవాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు మనకు నేర్పింది; వీసా అప్పు అందుకు మినహాయింపు కాదు.

రెండవది: లైసెన్సు ఉన్న ఏజెంటునే ఆశ్రయించాలి. మన నిబంధనల ప్రకారం అతడు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రసీదు ఇవ్వనివానికి రూపాయి ఇవ్వరాదు. ఈసీఆర్ పాస్‌పోర్టుపై వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రాన్ని ఇంట్లో ఒక ప్రతి ఉంచి వెళ్లాలి.

మూడవది: మసీదు కమిటీలకు, కార్యకర్తలకు. జుమా తరువాత ఒక గంట కేటాయించి, ఉద్యోగ ఒప్పందాన్ని తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించే ఏర్పాటు చేయండి. జీతం కోత, పారితోషికం ఎగవేత జరిగితే 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి తోడుగా నిలవండి. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) ఉమ్మత్‌కు ఇది సేవ మాత్రమే కాదు, బాధ్యత.

నాలుగవది ఇళ్లకు. ఈసారి ఫోను వచ్చినప్పుడు "ఎంత పంపుతున్నావు?" అని అడిగే ముందు "నీకెంత మిగులుతోంది?" అని అడగండి. ఆ ఒక్క మాట విననందువల్లే మాలో అనేకులు నిజం చెప్పలేక మరో రెండేళ్లు, మరో రెండేళ్లు అంటూ అక్కడే ఉండిపోయారు.

పరదేశంలో శ్రమిస్తున్న మన బిడ్డలకు అల్లాహ్ హలాల్ సంపాదననూ, ఆరోగ్యాన్నీ, క్షేమంగా ఇంటికి చేరే భాగ్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.