తుప్పలు కొట్టించే ముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి వెనక స్థలంలో తుప్పలు కొట్టించి చదును చేయాలని మన సంఘం తీర్మానించింది. ఇంజనీరుని కాబట్టి అంచనా వేసే పని నాకప్పగించారు. మా ఎస్టిమేట్లలో దీనికి ‘జంగిల్ క్లియరెన్స్’ అని ఒకటే పద్దు. ఇన్ని చదరపు మీటర్లు, ఇంత రేటు. అక్కడ ఏ మొక్క ఉందో ఎవరూ అడగరు.

కాగితం పట్టుకుని మొన్న ఆ స్థలమంతా తిరిగాను. మన పాత వాచ్‌మన్ తోడొచ్చారు. నేను ‘పొద’ అని రాసుకున్న ప్రతిచోటా ఆయన ఒక పేరు చెప్పారు.

పొద అంటే ఆకారం చెప్పాం, నేల నుంచే గుబురుగా లేచిందని. కంప అంటే ముళ్ళున్నాయని. డొంక అంటే అల్లుకుపోయి దారి లేదని. తుప్ప అన్నామంటే అప్పటికే విసుక్కున్నాం. ఇవేవీ మొక్క పేర్లు కావు. ఇక చెట్టు అనే మాట మరీ ఉదారం, మర్రీ చెట్టే, మిరపా చెట్టే! పొదకు ఉదాహరణ అడిగితే మన పిల్లలు గులాబి, మందారం అని రాస్తారు, మార్కులూ వస్తాయి. బడి వెనకున్న పొద పేరడిగితే మాత్రం ‘ఏదో పిచ్చి మొక్క’ అంటారు.

బలుసు ముళ్ళ పొద. చూసినవాళ్ళు కంప అనే అంటారు. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అన్న సామెత ఆ కంపదే. తంగేడు బెరడుతో తోళ్ళు పదును చేసేవారు. దాని పువ్వు బతుకమ్మలో ఉండాల్సిందే, తెలంగాణ 2014లో దాన్నే రాష్ట్ర పుష్పం చేసుకుంది. వావిలాకు వేసి కాచిన నీళ్ళు బాలింతల స్నానానికి. జిల్లేడాకులు రథసప్తమికి. ఊరి పేర్లలోనూ ఇవి వినిపిస్తాయి, జిల్లెళ్ళమూడి, తంగెళ్ళమూడి.

మన గోడ వెనక గట్టు మీద వరసగా ఉన్నది వావిలి. వాన నీటికి ఆ మట్టి కోసుకుపోకుండా పట్టుకున్నవి దాని వేళ్ళే. కొట్టేస్తే రెండు మూడు వానాకాలాల్లో గోడ పునాది బయటపడుతుంది. ఇది ఇంజనీరుగా చెబుతున్నాను.

అందుకని పద్దు రెండుగా విడగొట్టాను. వావిలి, తంగేడు, బలుసు కొమ్మలకు ఎర్రగుడ్డ కట్టాం. జేసీబీ వాటి జోలికి పోకూడదు. మిగతాదంతా సర్కారు తుమ్మ, అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. పైపైన నరికితే మోడు నుంచి మళ్ళీ లేస్తుంది. వేళ్ళతో పెకలించాలి కాబట్టి రేటు కాస్త ఎక్కువే వేశాను. కోశాధికారిగారు కోప్పడకూడదు.