గరుడుడు పోయి వరాహం వచ్చిన కథ

మేడ్చల్‌లో చేసిన స్మారకోపన్యాసం



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ పెట్టుకున్నామో ఆయన్ని బతికున్నన్నాళ్ళూ మనమంతా సారు అనే పిలిచాం. ఆ పిలుపే ఆయనకు ఇష్టం. ఈ గంటసేపు నేనూ అలాగే పిలుస్తాను. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు. సెలవొస్తే చెరువు కట్టల వెంట తిరిగి రాళ్ళు చదివేవారు. ఆయన వెంట సంచి మోసినవాణ్ణి నేను. నాకీ విద్య అలా అబ్బింది.

సారు ఇంట్లో ఒక రేకు పెట్టె ఉండేది. పార్సిళ్ళ మీంచి ఊడివచ్చిన లక్క ముద్రలు, నిజాం కాలపు స్టాంపు కాయితాలు, వాటితోపాటు ఒక కర్రముద్ర అందులో ఉండేవి. కల్లంలో తూర్పారబట్టిన వడ్ల రాశి మీద వేసే ముద్ర అది. అరచేయంత చెక్క, వెనక పిడి, ముందు చెక్కిన నాలుగు గీతలు. రాత్రి రాశి మీద అక్కడక్కడ తడిమట్టి పెట్టి దాంతో ఒత్తి పోయేవాళ్ళు. తెల్లారి ముద్ర చెదిరి ఉంటే ఎవరో చెయ్యి పెట్టినట్టు లెక్క. ఆ చెక్కను నా చేతిలో పెట్టి సారు అడిగారు, "ఈ ముద్ర ఉన్నదంటే వడ్లు ఎవరియి?" ముద్ర వేసినవాడివన్నాను. "కాదు బిడ్డా. వడ్లు పండించినోనియి. ముద్ర ఎవరి కాపలల ఉన్నయో చెప్తది, అంతే" అన్నారు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. రాజముద్రలను మనం వంశాల ఇంటిపేర్లలాగా చదువుతున్నాం. అవి చెప్పేది ఎవరు ఎవరి నీడన నిలబడ్డారో.

శాతవాహనుల జోలికి వెళ్ళను. వాళ్ళ నాణేల గురించి చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. మన గడపలో ఉన్న కీసరగుట్ట దగ్గర మొదలుపెడతాను. గుట్ట మీద రామలింగేశ్వరుణ్ణి చూసి వచ్చేవాళ్ళు చాలామంది ఆ ఇటుక గోడలను చూడకుండానే దిగిపోతారు. అవి విష్ణుకుండినుల కాలానివి. విష్ణుకుండినుల నాణేల మీద ఒక వైపు సింహం, రెండో వైపు కలశం, దానికి అటూ ఇటూ దీపపు స్తంభాలు. చిక్కుళ్ళ తామ్రశాసనం ముద్ర మీదా సింహమే, ముందుకాలు ఎత్తి నోరు తెరిచి ఉంటుంది. నాణెం వెనక వైపున్న ఆ కలశాన్ని గుర్తుపెట్టుకోండి. చివర్లో దానితో పని పడుతుంది.

తామ్రశాసనం మ్యూజియంలో అద్దం వెనక చూడ్డం వేరు, చేత్తో పట్టుకోవడం వేరు. రేకుల అంచులు కొద్దిగా పైకి లేపి ఉంటాయి, ఒకదాని అక్షరాలు ఇంకోదానికి రాసుకొని అరిగిపోకుండా. ఒక పక్క రంధ్రం, రేకులన్నిటినీ కలిపి గుచ్చిన కడియం. ఆ కడియం రెండు కొనలు కలిసేచోట ముద్ర ఉంటుంది. నడుమ ఒక దొంగరేకు దూర్చాలంటే కడియం కోయాలి. కోస్తే తెలిసిపోతుంది. కల్లంలో తడిమట్టి చేసిన పనే ఇక్కడ ఈ ముద్ర చేసింది. తూర్పు చాళుక్యుల ముద్ర చూడండి. నడుమ శ్రీ త్రిభువనాంకుశ అనే అక్షరాలు, పైన వరాహం, సూర్యచంద్రులు, ఏనుగును లొంగదీసే అంకుశం, కింద తామరపువ్వు. అంత చిన్న చోటులో ఇన్ని పట్టించిన కంసాలి చేతికి మొక్కాలనిపిస్తుంది.

నారాయణుడి అనుగ్రహం వల్ల వరాహ లాంఛనం దొరికిందని చాళుక్యులు చెప్పుకున్నారు. రాష్ట్రకూటులది గరుడ లాంఛనం. ఈ రెంటి మధ్య నలిగినవాళ్ళు మన కాకతీయులు. నా ఇరవై ఏళ్ళ పని అంతా ఇక్కడే.

కాకతీయుల శాసన స్తంభాలు చూసినవాళ్ళకు వరాహం కొత్త కాదు. నేను మొదటిసారి చూసినరోజు చెప్తాను. ఒక చెరువు కట్ట కింద, చింతచెట్టు మొదట్లో రాయి. ఏళ్ళ తరబడి వేసిన సున్నం, పసుపు. పైభాగంలో ఏదో జంతువు. ఎద్దు అని నోట్‌బుక్కులో రాసేసుకున్నాను. సారు నా చెయ్యి పట్టుకొని ఆపి, "పొద్దుగాల వద్దాం, ఇప్పుడు రాయి మాట్లాడది" అన్నారు. మర్నాడు పొద్దు పొడిచేసరికి అక్కడున్నాం. ఎండ ఏటవాలుగా పడగానే రాతి మీది ప్రతి గీతకూ నీడ వచ్చింది. మూపురం అనుకున్నది మెడ మీది నిక్కిన జూలు. మూతి దగ్గర చిటికెన వేలి గోరంత కోర. ముట్టెకు ఎదురుగా నిలబెట్టిన కత్తి. పైన ఓ పక్క సూర్యుడు, ఓ పక్క చంద్రుడు. పావుగంట తర్వాత ఎండ ముదిరింది, వరాహం మళ్ళీ రాతిలోకి వెళ్ళిపోయింది. నోట్‌బుక్కులో కొట్టేసిన ఆ ఎద్దును నేనిప్పటికీ చెరపలేదు.

అయితే ఈ వరాహం కాకతీయుల సొంతమా? కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనం ఉంది కదా. అందులో పూర్వీకుడు బేతరాజును గరుడాంక బేతరాజు అన్నారు. అంకం అంటే గుర్తు. గరుడ గుర్తు గలవాడని అర్థం. ఇంటినిండా వరాహాలు పెట్టుకున్న వంశం తాత పేరులో గరుడుణ్ణి ఎందుకు దాచుకుంది?

శాసనాల పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు దీనికి దారి చూపించారు. కాకతీయులు మొదట రాష్ట్రకూటుల సేనానులుగా ఈ వైపు వచ్చారు, గరుడుడు అక్కణ్నుంచి వచ్చినవాడే, చాళుక్యులకు సామంతులయ్యాక వరాహం వచ్చింది అని. 956 నాటి మాంగల్లు తామ్రశాసనంలో కనిపించే కాకర్త్య గుండ్యన ఆయన వాదానికి నడుం కట్టు.

దీన్ని ఒప్పుకోనివాళ్ళున్నారు. తొలి కాకతీయులు జైనాన్ని ఆదరించారు, శాంతినాథ తీర్థంకరుడి యక్షుడికి గరుడుడు గుర్తు, కాబట్టి ఇది మతచిహ్నమే తప్ప రాజచిహ్నం కాదని వాళ్ళ మాట. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీది జైన శిల్పాలను, 1117 నాటి శాసనాన్ని చూపిస్తారు. ఆ గుట్ట నేనూ ఎక్కాను, అక్కడి తీర్థంకరుల ముందు నిలబడ్డాను. కాకతీయుల నీడన జైనం ఉందనడంలో నాకే సందేహమూ లేదు. కానీ ఆ గుట్ట మీది సాక్ష్యం అక్కడి భక్తికే సాక్ష్యం. ముద్ర సంగతి దానివల్ల తేలదు.

నా అభ్యంతరం ఇంకా ఉంది. మైలాంబ శాసనం నాటికి ఆ ఇల్లు శైవం. గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శంభువు. గరుడుడు ఒట్టి మతచిహ్నమే అయితే, మతం మారిన ఇంట్లో ఆడపడుచు దాన్ని తాత పేరుకు ముందు తగిలించి చెరువు గట్టున ఎందుకు నిలబెడుతుంది? మతం గుర్తయితే మరుగున పడేది. యుద్ధంలో దొరికిన గౌరవం కాబట్టి తరాలు దాటి వచ్చింది.

వాళ్ళు వేసే గట్టి ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయను. రాష్ట్రకూటులు 973లో పడిపోయారు, బేతరాజు ఆ తర్వాతివాడు, లేని ఏలిక గుర్తును ఎందుకు మోస్తాడని. గూడూరు శాసనం చదవండి. తెలుగు పద్యాల్లో ఉన్న ఆ శాసనంలో విరియాల వారి కామసాని కథ ఉంది. దిక్కులేని చిన్నవాడు బేతని పక్షాన ఆమె చక్రవర్తిని చూసి, వాడికి చోటు ఇప్పించి నిలబెట్టింది. చక్రవర్తి అంటే చాళుక్యుడే. తండ్రి పోయిన పిల్లవాడు తండ్రి జెండాయే పట్టుకొని ఉంటాడు, పట్టుకోవడానికి అతనికి ఇంకేముంది? ఆ జెండాతోనే చాళుక్యుల పంచన చేరాడు. గరుడుడు, వరాహం ఒకే మనిషి జీవితంలో ఎదురుపడ్డాయని నా నమ్మకం. ఆ ఎదురుపాటు జరిపించింది ఒక ఆడమనిషి.

మరి 1163లో వేయిస్తంభాల గుడి శాసనం నాటికి కాకతీయ రుద్రదేవుడు స్వతంత్రుడైపోయాడు కదా, అప్పుడైనా వరాహాన్ని ఎందుకు వదల్లేదు? ఎద్దు మెడ మీంచి కాడి దించినా కాయ పోదు. పైగా అప్పటికి వరాహం అంటే ఈ నేలలో ఏలుబడి అని జనానికి అర్థమైపోయింది. విజయనగరం వాళ్ళు కూడా వరాహం, కత్తి, సూర్యచంద్రులనే తమ ముద్రగా చేసుకున్నారు. బంగారు నాణేన్ని వరహా అనడం మన నోట నిలిచిపోయింది. చాళుక్యులు పోయినా వాళ్ళ ముద్ర మన మొలలో డబ్బు సంచిలో మిగిలింది.

ఈ వాదం దగ్గర నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలబడ్డాను. అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగతాది త్వరగా చెప్తాను.

1518 నుంచి 1687 దాకా గోల్కొండ. ఆ ముద్రల్లో బొమ్మ ఉండదు, పేరు, బిరుదు, హిజ్రీ ఏడు ఉంటాయి. అది అక్షరాల విద్య. నాది బొమ్మల విద్య. ఆ పని ఫార్సీ తెలిసిన మిత్రులు చేయాలి, చేస్తున్నారు కూడా.

అసఫ్‌జాహీల దగ్గర బొమ్మ మళ్ళీ వచ్చింది. పసుపు జెండా, నడుమ గుండ్రటి బిళ్ళ. అది కుల్చా రొట్టె అంటారు. దక్కనుకు వచ్చే ముందు మొదటి నిజాం నిజాముల్‌ముల్క్ హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ దర్శనానికి వెళ్ళాడని, ఆయన పసుపు గుడ్డలో కుల్చాలు పెట్టి ఇచ్చాడని, ఏడు తిన్నాడు కాబట్టి ఏడు తరాల ఏలుబడి అని కథ. ఏడు అన్న లెక్క ఏడో నిజాం కాలం ముగిశాక గట్టిపడిందేమోనని నా అనుమానం. అయినా కత్తులూ సింహాలూ నిండిన ముద్రల లోకంలో ఒక రొట్టె రాజచిహ్నం కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అది కూడా ఎవరి దీవెన కింద ఉన్నామో చెప్పే గుర్తే.

1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఇంగ్లీషువాళ్ళు సంస్థానాధీశులకు తమ దేశపు పద్ధతిలో డాలు చిహ్నాలు గీయించి జెండాలు పంచారు. పదేళ్ళ నిజాం మహబూబ్ అలీఖాన్‌ను దివాను సాలార్‌జంగ్ వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాడు. మళ్ళీ ఒక చిన్నవాడు, మళ్ళీ ఒక చక్రవర్తి నీడ. కామసాని కథ విన్న మీకు వేరే చెప్పక్కర్లేదు. యూరపులో నగరాల చిహ్నాలన్నీ ఇలా పైనుంచి దిగినవి కావు. పారిస్ చిహ్నంలోని పడవ సేన్ నది మీద సరుకు నడిపిన వర్తకుల సంఘం ముద్ర నుంచి వచ్చింది. పని చేసినవాళ్ళ గుర్తు నగరానికే గుర్తయింది. మన దగ్గర అలా ఎందుకు జరగలేదా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి.

మన మేడ్చల్ అత్రాఫ్‌బల్దా జిల్లాలో, నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండేది. సారు పెట్టెలోని కాయితాలు ఆ కాలానివే. 1948లో నిజాం ఏలుబడి పోయింది, 1950లో అశోకుడి సింహాలు వచ్చాయి, 1956లో ఆంధ్రప్రదేశ్. దాని చిహ్నం అమరావతి శిల్పాల్లోని పూర్ణకుంభం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న కలశం ఇదే. విష్ణుకుండినుల నాణెం వెనక ఉన్న మంగళఘటం, వాళ్ళకంటే ముందునుంచే ఉన్నది. విభజన తర్వాత 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్నే కొత్తగా గీయించుకుంది.

ఇక మనది. 2014 జూన్ 2న తెలంగాణ రాజముద్ర వచ్చింది. గీసినవారు ఏలె లక్ష్మణ్ గారు. ఆకుపచ్చ వలయంలో కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్, పైన సింహాలు. 2016 అక్టోబరు 11న మన మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా పుట్టినప్పుడు కలెక్టరు ఆఫీసు కాయితాల మీద పడ్డది ఆ ముద్రే. 2024లో దాన్ని మార్చాలని ప్రభుత్వం అనుకుంది, తోరణం, చార్మినార్ తీసేస్తారని గొడవ లేచింది, ఆ పని ఆగింది. ఆ రోజుల్లో అటూ ఇటూ మాట్లాడినవాళ్ళంతా తోరణాన్ని కాకతీయుల ముద్ర అన్నారు. కాదండీ. కాకతీయుల ముద్ర వరాహం. ఓరుగల్లు కోటలో నిలబడ్డ తోరణాన్ని ఏ కాకతీయ రాజూ తన శాసనం మీద ముద్రగా వేసుకోలేదు. అది శిల్పులు నిలబెట్టిన రాతి ద్వారం. చార్మినారూ అంతే, మేస్త్రీల పని. తెలిసి చేశారో తెలియక చేశారో, పైన అశోకుడి సింహాలున్నా, నడుమ మాత్రం రాజుల గుర్తులు పక్కన పెట్టి రాయి పనివాళ్ళ చేతిపనిని మనం రాజముద్ర చేసుకున్నాం. పారిస్‌ను చూసి అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇంటి దగ్గరే దొరికింది. ఈ మాట సారుతో చెప్పాలనుకునేసరికి ఆయన లేరు.

కీసరగుట్ట మీద ఒక బండరాయి మీద అయిదే అక్షరాలున్నాయి, తొలచువాండ్రు అని. రాయి తొలిచేవాళ్ళు అని అర్థం. మన నేల మీద కనిపించే తొలినాటి తెలుగు మాటల్లో అది ఒకటి. దాని పక్కన సింహం లేదు, వరాహం లేదు, ఏ రాజు పేరూ లేదు. రేపు ఆదివారం పొద్దున ఆరు గంటలకు అక్కడికి వెళ్తున్నాం, రాగలిగినవాళ్ళు రండి. ఎండ ఎక్కకముందే చూడాలి.