ప్రణాళికయు పనివాండ్రును
(కోవూరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు పాఠశాలయందు శబ్దమంజరియు అమరకోశమును వల్లెవేయించి విశ్రాంతి గొన్న మాకు, "ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్" అను విషయముపై మాటలాడుమని కార్యదర్శిగారు కబురంపినప్పుడు, వారు ఇల్లు పొరబడిరేమో యని శంకించితిమి. విచారింపగా, మన యువతీయువకులు పెక్కండ్రు హైదరాబాదు, చెన్నపట్టణము, బెంగుళూరు నగరములలో హెచ్.ఆర్. శాఖలయందు కుదిరియున్నారనియు, వారికి పనికివచ్చు నాలుగు మాటలు పెద్దలు చెప్పవలెననియు సంఘమువారి యభిప్రాయమని తెలిసినది. మాకు వేరొక కారణము కూడ గలదు. మన వసతిగృహనిర్మాణమున మేమొనర్చిన పొరపాటొకటి పండ్రెండేండ్లుగా మా మనస్సును తొలుచుచున్నది. దానిని సభాముఖమున చెప్పుకొనుట కింతకంటె తగిన సమయము దొరకదు గాన సమ్మతించితిమి.

నేడు మనము ప్లానునకు "ప్రణాళిక" యనుచున్నాము. సంస్కృతమున నా మాటకు కాలువ, నీరు పోవు త్రోవ యని యర్థము. ఆ యర్థము కోవూరువారికి చెప్పనక్కరలేదు. సంగము ఆనకట్టనుండి కనిగిరి జలాశయమునకు, అచ్చటినుండి మన పొలములకు నీరు వచ్చుచుండుట మనము నిత్యము చూచునదే. కాలువ త్రవ్వి పటము గీచినంతమాత్రమున మడి తడియదు. లాకుకడ లస్కరుండవలెను, కట్ట తెగినచోట మట్టివేయువాడుండవలెను, వాడు తెల్లవారిన పిమ్మట కాక ఆ రాత్రియే యుండవలెను. కాగితముపై ప్రణాళికలు గీయువారు లోకమున కొల్లలుగ నున్నారు. ఏ దినమున, ఏ చోట, ఏ మనిషి నిలువవలెనో యెంచి నిలుపువాడే యరుదు. హెచ్.ఆర్. ఉద్యోగి నేర్వవలసిన దిదియే యని మా యభిప్రాయము.

ఇందుకు మన తెలుగుదేశమున గొప్ప నిదర్శనము ధవళేశ్వరము ఆనకట్ట. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన యా పనిని కాటన్ దొరగారి పేర లోకమంతయు నెరుగును. రాతికట్టడము నాలుగు భాగములు. అన్నియు గలిపి రెండు మైళ్లకు పైబడిన పొడవు. అయితే మనము గమనింపవలసినది రాయి గాదు, మనుష్యులు. అంత పనికి అనుభవశాలురైన యింజనీర్లను పలువురను కాటన్ గారు కోరగా, ప్రభుత్వమువారిచ్చినది పని నేర్పుకొనవలసిన యువకు నొక్కని, ఇద్దరు సర్వేయర్లను, కొందరు శిక్షణార్థులను మాత్రమే. అడిగిన మనుష్యులు దొరకలేదని పనిని మానుకొనక, దొరకినవారిని పనిలోనే తీర్చుకొనిరి. కొండరాయి కొట్టుటయందు, మోయుటయందు, పేర్చుటయందు వేలకొలది కూలీలు వలసివచ్చిరి. వారిని దూరప్రాంతములనుండి సమకూర్చి, దొరల మాట కూలీలకును కూలీల కష్టము దొరలకును తెలియజెప్పి, పని నడపించినవారు వీణెం వీరన్నగారు. ప్రభుత్వమువారు వారికి రాయబహదూరు బిరుద మిచ్చిరి. 1867లో కాలధర్మము నొందిన వీరన్నగారిని మన హెచ్.ఆర్. యువకులు తమ వృత్తికి పూర్వులలో నొకరిగా లెక్కించుకొనవచ్చును.

మరియొక విశేషము. గోదావరి వరదకాలమున పని సాగదు. నీరు తీసిన నెలలే పనినెలలు. ఆ కొలది నెలలలో జనము చేరకున్న మరుసటియేటి మాటయే. కావున కూలీలను పిలుచు గడువును నది నిర్ణయించెనే గాని కచేరీ గాదు. ఇట్టి సమయమున 1848లో కాటన్ గారు జబ్బుపడి సెలవుపై వెడలిపోయిరి. 1850లో గాని తిరిగి రాలేదు. ఐనను పని నిలువలేదు. కెప్టెన్ ఓర్ గారు దానిని సాగించిరి. వారే పిమ్మట బెజవాడయందు కృష్ణపై ఆనకట్ట కట్టించిరి. పెద్ద మంచమున పడినను పని మంచమున పడలేదన్నమాట. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున రెండవ యధికరణమంతయు అధ్యక్షుల విధులకే వినియోగించెను. ఒక్కొక్క శాఖకు ముఖ్యులు పలువురుండవలెననియు, ఎవరును అందు శాశ్వతముగ నుండరాదనియు నచ్చట చెప్పెను. దొంగతనమునకు భయపడి యట్లు చెప్పెనని కొందరందురు. కావచ్చును. కాని యొక్కడు పోయిన రెండవవాడు తెలిసియుండుట యను లాభము కూడ నందు గలదు.

1950ల చివర అమెరికాలో "క్రిటికల్ పాత్" అను నొక లెక్క పుట్టినది. మా మనుమరాలు దానిని కాగితముపై గీచి చూపినది. ఒక పనిలోని యన్ని భాగములలో, దేనికి దినము జరిగిన యెడల పని యంతయు దినము జరుగునో, అట్టివాటి వరుసయే యీ మార్గము. గోడకు రంగేదని నెలదినము లాలోచించినను మునుగునది లేదు. శ్లాబు ఒకదినము తప్పిన దాని వెనుక నున్నవన్నియు తప్పును. ఇది ఇంజనీర్ల విద్య యని హెచ్.ఆర్. వారు ప్రక్కకు నెట్టరాదు. ఏలయన, ఆ మార్గమున నిలువవలసిన మనిషిని సమకూర్చు కాలము కూడ ఆ మార్గములోనిదే. ప్రకటన యిచ్చుట, వచ్చినవారిని పరీక్షించుట, ఎన్నికైనవాడు పాత యుద్యోగమున రెండు మూడు నెలల నోటీసు గడువు తీర్చుకొనుట, చేరినపిదప పని తెలిసికొనుట, వీటి కన్నిటికి నాలుగైదు నెలలు చెల్లును. పని మొదలగు దినమున మనిషికై వెదకుట, వరద వచ్చినపిమ్మట కట్టకు మట్టి త్రవ్వుటవంటిది. ఒకే సమర్థుని రెండు పనులకు వ్రాసి, రెండింటను సగముగ వాడుకొనుచు, జాబితా నిండినదని సంతోషించుటయు మేము చూచితిమి. జీతము సగము చేయరు, మనిషిని మాత్రము సగము చేయుదురు.

ఇక మా పొరపాటు. పండ్రెండేండ్ల క్రిందట మన వసతిగృహము మొదటి యంతస్తునకు శ్రావణమున శంకుస్థాపన జరిగినది. దాతల పట్టిక చక్కగ వ్రాసితిమి, ఫలకము చెక్కించితిమి. పనివారిని కుదుర్చు భారము మాపై నుండెను. మేస్త్రీల పని తనిఖీ చేయుటకు మా మేనల్లుని వరుసవాని నొకని నియమించితిమి. బాలుడు సాధువు, ఇసుకకు సిమెంటెంత కలుపవలెనో యెరుగడు. వానికి బదులు నిలుచువానిని చూడలేదు. శ్లాబునకు చెక్క బిగించు వేళకు ఆశ్వయుజము ముగిసినది. పెద్దమేస్త్రీకి వేరొకచోట ఎక్కువ కూలి దొరకి వెడలిపోయెను. మన నెల్లూరు సీమకు కార్తికమే గదా అసలైన వానకాలము! వాన పట్టుకొన్నది. ఊచలు తుప్పుపట్టెను, అరువది మూటల సిమెంటు గడ్డకట్టెను. వాన వెలిసినపిమ్మట కూలీలు నాట్లకు పోయిరి, ఆపైన కోతలకు పోయిరి. మేము కోవూరున పుట్టి పెరిగినవారము. నాట్లు ఎప్పుడో, కోతలు ఎప్పుడో పసిబిడ్డ చెప్పగలడు. ఐనను పనివాండ్ర పట్టికను పంచాంగము ప్రక్కన పెట్టి చూడలేదు. శ్లాబు వైశాఖమున పడినది.

ఆ యేడు మైపాడు ప్రక్క పల్లెనుండి యొక బాలిక ఇంటర్మీడియెట్ చదువ వచ్చియుండెను. నెల్లూరున గది యద్దె భరింపలేక తండ్రి మాయొద్దకు మూడుమారులు వచ్చి, "అయ్యవారూ, గదులు ఎప్పటికి తయారవుతాయి సామీ?" యని యడిగెను. మూడుమారులును "వచ్చే నెల" యనియే చెప్పితిమి. నాల్గవమారు వారు రాలేదు. బిడ్డ చదువు మానినదని తరువాత తెలిసినది. సిమెంటు నష్టము లెక్కలపుస్తకమున నున్నది. ఇది యే పుస్తకమునను లేదు గాన నిచ్చట చెప్పితిమి.

ఆలస్యము మనకొక్కరికే పట్టినది గాదు. సంగము, నెల్లూరు బారేజీలు పదియేండ్లకు పైగా సాగి, 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభోత్సవము జరుపుకొన్నవి. పెద్ద పనుల యాలస్యమునకు కారణములు పెక్కు. వానిని విమర్శించుట మా పని గాదు. మన పది గదుల పనియందు మాత్రము కారణము మేమే.

ఇప్పుడు బాలికలకొరకు రెండవ యంతస్తు తలపెట్టితిమి. మహారాజపోషకులు ఉదారముగ ధనము వాగ్దానము చేసిరి. వారికి చేతులు జోడించి యొక్క విన్నపము. దాతల పేరు శిలాఫలకమున నుండుట న్యాయము. దాత చెప్పినవాని పేరు హాజరుపట్టీలో నుండుట న్యాయము గాదు. ఈ మాట ఇద్దరు ముగ్గురకు కష్టముగ తోచవచ్చును. మా మేనల్లుని వరుసవాని పేరు మేము ముందే చెప్పితిమి గాన క్షమింతురు గాక.

హెచ్.ఆర్. వృత్తియందున్న బిడ్డలారా! మీరు ధన మీయనక్కరలేదు. పని సంక్రాంతి పిమ్మట మొదలై, శ్లాబు ఆషాఢము లోపల ముగియవలెను. కోతల నెలలలో కూలీ లెచ్చటనుండి వత్తురో, తనిఖీదారు జబ్బుపడిన నెవరు నిలుతురో, మేస్త్రీకి వారమువారము కూలి యెవరి చేతిమీదుగ నందునో, ఇప్పుడే వ్రాసి యీయుడు. ఎంపికకు మమ్ము పిలువవలదు. పందిటి ద్వారముకడ బల్లపై నొక పుస్తక ముంచితిమి. పేరు వ్రాయువారు, పేరు ప్రక్కన ఏ యే నెలలలో ఎన్ని దినములు కోవూరున నుండగలరో గూడ వ్రాయుడు. భోజనములకు ముందే వ్రాయుడని మనవి.