గొంతులో గడ్డ - ఇంట్లో చెప్పాల్సిన మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సైన్సు మాస్టారు నల్లబల్ల మీద థైరాయిడ్ గ్రంథిని సీతాకోకచిలుకలా గీసి చూపించేవారు. ఈమధ్య ఒక రాత్రి, ఆ క్లాసులో నాతో చదివిన ఒకామె ఫోన్ చేసింది. "థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దానికీ వస్తుందా? ఎవరికీ చెప్పకు" అంది. ఆమె ఒప్పుకున్నాకే, పేరు లేకుండా ఇది మీకు చెబుతున్నాను.

రిపోర్టులో ఏ రకమని ఉందో చదవమన్నాను. పాపిల్లరీ అంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇదే. చాలామందిలో దీని వెనుక బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. అది పుట్టిన తర్వాత గ్రంథిలోని కణంలో వచ్చిన మార్పు. తల్లి నుంచి బిడ్డకు వెళ్లదు. అయితే రక్తసంబంధీకుల్లో మరొకరికి కూడా ఈ క్యాన్సర్ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

అదే రిపోర్టులో హషిమోటో థైరాయిడైటిస్ అనీ ఉంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వివరించిన జబ్బు ఇది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే సొంత గ్రంథి మీద దాడి చేస్తాయి. ఇది క్యాన్సర్ కాదు. ఉన్నవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. రెండూ కలిసి ఉన్నవారిలో క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథులకు పాకడం తక్కువని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. అలాగని, గడ్డ చేతికి తగిలితే "నాకు ఎప్పటినుంచో థైరాయిడ్ ఉందిగా" అని ఊరుకోకండి. స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష చేయించుకోండి.

రిపోర్టులో మెడుల్లరీ అని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఇది అరుదైన రకం. సుమారు నలుగురిలో ఒకరికి వంశపారంపర్యంగా వస్తుంది. కారణం రెట్ జన్యువులో మార్పు; 1993లో కనుగొన్నారు. తల్లికో తండ్రికో అది ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. అవసరమైతే క్యాన్సర్ ముదరకముందే, కొందరిలో అసలు రాకముందే, గ్రంథిని తీసేసి బిడ్డను కాపాడవచ్చు. అక్కడ సంబంధాలు చెడతాయని దాచిన మాట పిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

మా మిత్రురాలు మర్నాడే కూతురికి చెప్పింది. "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా అమ్మా?" అందట ఆ పిల్ల. ఆపరేషన్ రోజున పక్కనే ఉంది.

తెలియనిది అడగమని ఈ బడి మనకు నేర్పింది. తెలిసినది ఇంట్లో వాళ్లకు చెప్పడం కూడా నేర్చుకుందాం. సెలవు.