మరల మరల తెల్లవారు దినము

గానుగెద్దు ఉదయము మొదలు సాయంకాలము వరకు నడచును. ఎన్ని ఆమడలు నడచినను అది మొదట నున్నచోటనే యుండును. కన్నులకు గంతలుండుటచే ఆ సంగతి దానికి తెలియదు. మనుష్యుడును ఆ విధముగనే ఒక్క దినమునందు చిక్కుకొని, మేల్కొనినప్పుడెల్ల ఆ దినమే మరల ప్రారంభమగుచుండినచో నేమగును? విజ్ఞానకల్పనా రచయితలు దీనిని కాలవలయ మందురు.

1992వ సంవత్సరమున ప్రసారమైన అమెరికా టెలివిజన్ ధారావాహిక 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' నందు 'కాజ్ అండ్ ఎఫెక్ట్' అను భాగము ఈ విషయమున ప్రసిద్ధము. అందు పేరులు తెరపై పడకముందే వ్యోమనౌక ప్రేలిపోవును. పిమ్మట అదే పేకాట, అవే మాటలు, అదే ప్రమాదము. ఎవరికిని గతము జ్ఞాపకముండదు. "ఇది మునుపు జరిగినదే" యను శంక మాత్రము మనస్సున మెదలుచుండును. తుదకు మూడు అను ఒక్క అంకె ఒక ఆవృత్తినుండి మరియొక ఆవృత్తికి చేరి వారిని గట్టెక్కించును. అచ్చట అందరి కన్నులకును గంతలే!

మన తెలుగున 2021 జూలైలో 'ఆహా' ద్వారా వెలువడిన 'కుడి ఎడమైతే' అను ఎనిమిది భాగముల ధారావాహిక ఇంకొక త్రోవ త్రొక్కినది. 1953 నాటి 'దేవదాసు' చిత్రమున ఘంటసాల గారి పాట వినినవారికి ఆ పేరు పరిచితమే. దీని దర్శకులు పవన్ కుమార్. కథ హైదరాబాదు నగరమున జరుగును. అమలా పాల్ ధరించిన దుర్గ పోలీసు ఇన్‌స్పెక్టరు. రాహుల్ విజయ్ ధరించిన ఆది, నటుడు కావలెనను ఆశతో దినములు గడపుచు, ఇంటింటికి భోజనపు పొట్లములు చేరవేయు యువకుడు. ఒక రోడ్డు ప్రమాదము వీరి నిరువురను ముడివేయును. ఆ దినము తిరిగి వచ్చుచున్నదని వీరికి తెలియును, ఊరికి తెలియదు.

ఈ కథ నన్నాకర్షించిన దిచ్చటనే. గంతలు విడిన ఇరువురు, గంతలతో తిరుగు జనము నడుమ నిలిచిరి. రానున్న ఆపద నెరిగినవానికి ఊరకుండు హక్కు లేదు. చెప్పినను నమ్మువారు లేరు. అట్టి ఒంటరితనమున అధికారముగల స్త్రీకిని, పొట్లము మోయు కుర్రవానికిని స్నేహము కుదురును. మామూలు దినమున వారొకరి ముఖమొకరు చూచుకొనియుందురా?

ఈ దర్శకుడే 2016లో కన్నడమునను, 2018లో తెలుగునను 'యూ టర్న్' అను చిత్రమును తీసెను. రహదారి నడుమనున్న దిమ్మెలను తొలగించి, అడ్డదారిన బండి త్రిప్పుకొనువారి తొందర పరుల ప్రాణములమీదికి వచ్చుట అందలి ఇతివృత్తము. రెండు కథలయందును రహదారియే న్యాయస్థానము.

విజయవాడ రహదారి సాగు ఎల్బీ నగర్ కూడలివద్ద ఒక్క సాయంకాలము నిలిచి చూచినచో ఈ కథల బరువు తెలియును. మెట్రో వంతెన క్రింద, వీపున సంచులతో, గడియారమును చూచుకొనుచు ఎందరు ఆదులు పరుగెత్తుచున్నారు! దిల్‌సుఖ్‌నగర్ సందులలో తలుపు తట్టినప్పుడు మనము పొట్లమందుకొందుము. చేతినిండ చెమటతో నిలిచినవానిని చూడము. కథలోని ఆదికి పొరపాటు దిద్దుకొనుటకు మరియొక ఉదయము లభించెను. ఈ కూడలి దాటు కుర్రవానికి ఆ సదుపాయము లేదు. కనుక బండి నడుపువారు ఇచ్చట ఒక్క క్షణము ఆగి, అతనికి దారి యిత్తురు గాక.